రాత్రి పది దాటినా ఆగని పెట్టెల మోత: ఎదురింటివారికి ఎలా చెప్పాలి?

మూడో వీధి మేడ
ఇప్పుడు సమయం పదకొండున్నర. ఎదురింటివారి అబ్బాయి పెళ్ళి ఎల్లుండి. ఈ రోజు సంగీత్ అట. వీధికి అడ్డంగా షామియానా, దానికి రెండు పక్కలా మనిషి ఎత్తు స్పీకర్ పెట్టెలు. మా కిటికీ అద్దాలు అదురుతున్నాయి. అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గణగణమంటున్నాయి. నాన్నకు గుండె ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చి ఐదు రోజులే. నిద్రపట్టక మంచం మీద కూర్చొని నా వైపు చూస్తున్నారు తప్ప ఏమీ అనడం లేదు. ఆయన తిట్టినా నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

చిక్కు ఏమిటంటే ఎదురింటివారు చెడ్డవాళ్ళు కారు. ఆ రాత్రి నాన్నకు నొప్పి వస్తే కారు తీసి ఆసుపత్రికి చేర్చింది ఈ పెళ్ళికొడుకే. ఇప్పుడు వెళ్ళి ఆపమంటే శుభకార్యానికి అడ్డుపడినట్టు ఉంటుంది. పోలీసులకు ఫోను చేస్తే రేపటి నుంచి ఒకరి ముఖం ఒకరం చూసుకోలేము. మీరైతే ఏం చేస్తారు?

వేపచెట్టు నీడ
ముందు నాన్నగారిని వీధి వైపు గదిలోంచి వెనక గదిలోకి మార్చండి. తలుపు కింద సందులో దుప్పటి మడిచి పెట్టండి. మిగతాది తరువాత ఆలోచిద్దాం.

నిప్పురవ్వ
ఆలోచించేది ఏముంది? 100కు గానీ 112కు గానీ ఫోను చెయ్యండి. పది దాటితే ఎవరి పెళ్ళి అయినా ఒకటే. మనం మొహమాటపడే కొద్దీ వాళ్ళు మోత పెంచుతారు.

పెద్దింటి కోడలు
ఒక్క రాత్రికి పోలీసుల దాకా ఎందుకండీ? పెళ్ళి జీవితంలో ఒక్కసారి జరుగుతుంది. మా అబ్బాయి పెళ్ళికి మేమూ పెట్టించాము. పిల్లలు ఆడారు, పాడారు, చూసి మురిసిపోయాము. ఇరుగుపొరుగు అంటే సర్దుకుపోవడమే కదా. ఆయన కారు తీసిన సంగతి మీరే చెప్పారు.

రాత్రి డ్యూటీ
ఆ ‘ఒక్క రాత్రి’ అన్న మాట వింటేనే నాకు కోపం వస్తుంది. మీ ఇంట్లో ఒక్క రాత్రే. మా వీధిలో నలభై ఇళ్ళు, వెనక ఒక ఫంక్షన్ హాలు. మోత ఉన్న రోజున క్యాలెండర్ మీద పెన్సిలుతో గీత పెట్టడం మొదలుపెట్టాను. మాఘమాసం వచ్చేసరికి ఆ పేజీలో గీత లేని గడులను వెతుక్కోవలసి వచ్చింది. నడుమ పుట్టినరోజులు, గృహప్రవేశాలు, ఎవరో గెలిచిన ఊరేగింపులు. అందరికీ ఒక్క రోజే. వినేవాళ్ళకు మాత్రం అన్ని రోజులూ.

మూడో వీధి మేడ
@వేపచెట్టు నీడ, మార్చాను. పాట కాస్త తగ్గింది, ఆ ‘ధమ్ ధమ్’ మాత్రం తగ్గలేదు. మంచం పట్టెల్లోంచి వస్తున్నట్టుంది. తలుపులు వేస్తే పాట పోయి దడ మాత్రమే మిగలడం ఏమిటి?

లెక్కల మాస్టారు
దానికి కారణం ఉంది. సన్నటి స్వరాలు, అంటే ఎక్కువ పౌనఃపున్యం ఉన్నవి, గోడకూ తలుపుకూ తగిలి చాలావరకు ఆగిపోతాయి. బొంగురు స్వరాలు ఆగవు. వాటి తరంగం పొడవు కొన్ని మీటర్లు ఉంటుంది, గోడనే కదిలించి లోపలికి వస్తాయి. అందుకే మీకు పల్లవి వినపడదు, దరువు వినపడుతుంది.

ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఉంటే చూడండి. కచ్చితంగా ఉండదు, అంచనాకు పనికొస్తుంది.

మూడో వీధి మేడ
గదిలో 68 డెసిబెల్స్ అని చూపిస్తోంది. బాల్కనీలో 91.

తాలూకా కోర్టు
ఆ 91 పక్కన చట్టం పెట్టిన అంకె కూడా చూడండి. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఆసుపత్రి, బడి, కోర్టుల చుట్టూ వంద మీటర్ల మేర నిశ్శబ్ద మండలమైతే ఇంకా తక్కువ, పగలు 50, రాత్రి 40.

లౌడ్‌స్పీకర్ పెట్టడానికి రాతపూర్వకమైన అనుమతి కావాలి. అది ఉన్నా సరే, రాత్రి పది తరువాత ఆరుబయట వాడకూడదు. నాలుగు గోడల మధ్య ఉన్న హాళ్ళలో లోపలివారి కోసం వాడుకోవచ్చు. చాలామంది ‘పన్నెండు దాకా పర్మిషన్ ఉంది’ అంటారు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం పది నుంచి పన్నెండు వరకు సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్న మాట నిజమే. అది ఏడాది మొత్తంలో 15 రోజులు దాటకూడదు, ఏ రోజులో ప్రభుత్వమే ముందుగా చెప్పాలి. మన ఇంటి సంగీత్‌ను మనమే ఆ 15లో చేర్చుకోవడం కుదరదు.

పెద్దింటి కోడలు
45 అంటే ఎంత? మా ఇంట్లో ఫ్యాను తిరిగినా అంత ఉంటుందేమో. పాటించలేని అంకె పెట్టి ఏం లాభం?

లెక్కల మాస్టారు
ఆ ప్రశ్న సరైనదే. 45 తక్కువే, మన నగరాల్లో చాలా వీధులు వట్టి వాహనాలతోనే దాన్ని దాటుతాయి. కానీ 45కూ 91కీ తేడాను మామూలు తీసివేతలాగా చూడకండి. డెసిబెల్స్‌లో ప్రతి పది పెరిగితే శబ్దశక్తి పది రెట్లు అవుతుంది. ఇరవై పెరిగితే వంద రెట్లు, నలభై పెరిగితే పదివేల రెట్లు. ఇక్కడ తేడా 46, అంటే దాదాపు నలభైవేల రెట్లు. చెవికి అన్ని రెట్లుగా తోచదు, పది పెరిగితే సుమారు రెండింతలు పెరిగినట్టు అనిపిస్తుంది. మోత మోగించేవారు ‘కొంచెమే పెంచాం’ అని నిజాయితీగానే అనుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంకొక సంగతి. యాప్‌లలో సాధారణంగా మన చెవి తీరుకు తగినట్టు బొంగురు స్వరాలను తగ్గించి చూపే కొలత వాడతారు. గదిలో 68 అన్నది మీ నాన్నగారి ఛాతీకి తగులుతున్న ఆ దడను పూర్తిగా చెప్పదు.

పసిపిల్లల గూడు
మా పాపకు మూడు నెలలు. పోయిన వారం ఇలాగే వీధిలో ఊరేగింపు వెళ్ళినప్పుడు రెండు చెవులూ నా అరచేతులతో మూసి స్నానాల గదిలో కూర్చున్నాను. చప్పుడు పోయిన తరువాత కూడా గంటసేపు ఉలికిపడుతూనే ఉంది. ఆ ఊరేగింపులో మా వీధి తల్లులు కూడా ఉన్నారు.

మూడో వీధి మేడ
వెళ్ళి వచ్చాను. పెళ్ళికొడుకు వాళ్ళ నాన్నగారు షామియానాలోనే ఉన్నారు. నేను చెప్పింది ఆయనకు వినపడలేదు. రెండోసారి చెవి దగ్గర గట్టిగా అరిచాను. ఆయన నా చెయ్యి పట్టుకొని, ‘ముందు భోజనం చెయ్యండి’ అని పంక్తిలో కూర్చోబెట్టబోయారు. ఆ మోతలో ఆయనకూ ఏమీ వినపడటం లేదని అప్పుడు అర్థమైంది. సైగ చేసి చూపిస్తే పెట్టెల కుర్రాడికి చెప్పి తగ్గించారు. పది నిమిషాలకు కుర్రాళ్ళు మళ్ళీ పెంచారు.

నిప్పురవ్వ
నేను చెప్పింది అదే. మర్యాదకు ఆయుష్షు పది నిమిషాలు. ఫోను చెయ్యండి, మీ పేరు చెప్పవద్దని అడగండి.

గోరింటాకు
ఫోను చేసినంత మాత్రాన పేరు దాగుతుందని నమ్మకండి. మా వీధిలో నేను చేశాను. వచ్చినవాళ్ళు తిన్నగా నా గేటు ముందు నిలబడి ‘కంప్లయింట్ ఇచ్చింది మీరేనా’ అని అందరి ఎదుటా అడిగారు. ఆ తరువాత మూడు నెలలు మా ఇంటి ముందు చెత్త కవర్లు పడేవి. చట్టం మన వైపే ఉంది, కానీ చట్టం సాయంత్రానికి ఇంటికి వెళ్ళిపోతుంది. మనం మాత్రం ఆ వీధిలోనే ఉండాలి.

పెట్టెల బండి
నేను సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవాడిని. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఇక్కడ నన్ను తిడతారేమో అనుకుంటూనే రాస్తున్నాను.

మోత పెంచేది మా కుర్రాళ్ళు కాదు. మిక్సర్ దగ్గరికి పెళ్ళివారి బంధువులు ఐదారుగురు వచ్చి నిలబడతారు. తగ్గిస్తే ‘డబ్బు తీసుకోలేదా’ అంటారు. ఒకసారి పదింటికి ఆపినందుకు మా అబ్బాయి చొక్కా పట్టుకున్నారు. మిగతా బాకీ ఇవ్వకుండా పంపేశారు. ఇక పక్క వీధివాళ్ళు నాలుగు బేస్ పెట్టెలు, అంటే ఆ బొంగురు దరువు కొట్టేవి, పెట్టించారని తెలిస్తే వీళ్ళకు ఆరు కావాలి. నా దగ్గర రెండే చాలని చెబితే ఆరు ఉన్నవాడి దగ్గరికి వెళతారు.

కానీ మా తప్పూ ఉంది, చెబుతాను. బేస్ పెట్టెలను గోడకు ఆనించి, అందులోనూ మూలకు పెడితే, అదే కరెంటుకు దడ బాగా పెరుగుతుంది. జనం మెచ్చుకుంటారని అలాగే పెడతాం. పెట్టెను ఎటు తిప్పినా బేస్ నాలుగు వైపులా పోతుంది కాబట్టి పక్కకు తిప్పితే లాభం లేదు. గోడకు దూరంగా జరపాలి, మిక్సర్‌లో బేస్ తగ్గించాలి. వీధి మొదట్లో రెండు కొండల్లాంటి పెట్టెలు పెట్టే బదులు కూర్చున్నవాళ్ళ దగ్గర చిన్నవి నాలుగు పెడితే అందరికీ పాట వినపడుతుంది, నాలుగో ఇల్లు నిద్రపోతుంది. ఇది మా అందరికీ తెలుసు. అడిగేవాళ్ళు లేరు.

మేడగారూ, ఇప్పుడే మళ్ళీ వెళ్ళండి. ‘వాల్యూమ్ తగ్గించండి’ అనకండి. ‘బేస్ తీసేయండి, పాట ఉంచుకోండి’ అనండి. దానికి ఒప్పుకుంటారు.

రాత్రి డ్యూటీ
ఇన్నాళ్ళూ ఇక్కడ చదివినవాటిలో పనికొచ్చిన మొదటి మాట ఇదే.

నిప్పురవ్వ
@పెట్టెల బండి, మీ నిజాయితీకి గౌరవం ఉంది. అయినా పది తరువాత కనెక్షన్ తీసేస్తామని ముందే కాగితం మీద రాయించుకోవచ్చు కదా? అడ్వాన్సు తీసుకునేటప్పుడు.

పెట్టెల బండి
ఒక్కడినే రాయించుకుంటే బేరం పోతుంది. అందరం రాయించుకుంటే పోదు. మాలో మాకు ఆ మాట కుదరడం లేదు.

మూడో వీధి మేడ
బేస్ తీసేశారు. నిజంగా. అడ్డు చెప్పలేదు కూడా. గదిలో 54. నాన్న పడుకున్నారు. రేపు రాస్తాను.

వేపచెట్టు నీడ
మీరూ పడుకోండి.

ఆరింటి కాఫీ
రాత్రి గొడవ చదివాను. ఒక మాట అడగాలి. పెళ్ళిళ్ళ గురించి ఇంతమంది రాశారు. తెల్లవారుజామున నాలుగున్నరకు మైకు పెట్టే ప్రార్థనా స్థలాల గురించి ఒక్కరూ రాయలేదు. భయమా?

గోరింటాకు
భయమే. ఆ మాట ఎత్తగానే ‘వాళ్ళను అడగరేం’ అంటారు. వాళ్ళను అడిగితే ‘వీళ్ళను అడగరేం’ అంటారు. చివరికి ఎవరినీ అడగరు.

తాలూకా కోర్టు
దీనికి సుప్రీంకోర్టు 2000 ఆగస్టులోనే జవాబిచ్చింది. చెన్నైలో ఒక కాలనీ సంక్షేమ సంఘానికీ, అక్కడి చర్చికీ మధ్య నడిచిన కేసు. ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని కోర్టు అన్నది. మైకులు వాడి తీరాలని కూడా ఏ మతమూ చెప్పదన్నది. తీర్పు వచ్చింది చర్చి కేసులో అయినా గుడికీ మసీదుకూ అదే వర్తిస్తుంది. ఆరు కాకముందు ఆరుబయట మైకు ఎవరిదైనా మైకే.

పెద్దింటి కోడలు
మా వీధి గుడిలో సుప్రభాతం వినకపోతే నాకు తెల్లవారినట్టు ఉండదు. అందరికీ శబ్దం శత్రువు కాదు.

రాత్రి డ్యూటీ
మీకు తెల్లవారే సమయానికి నేను నడుం వాలుస్తాను. మీ పాటంటే నాకు శత్రుత్వం లేదు, అది మీ ఇంట్లో మోగినప్పుడు. ఇక పగటి మోత సంగతి అయితే నాకు చట్టమూ లేదు. 55 అంటారు, మా పక్కన కట్టే భవనంలో రాయి కోసే యంత్రం పొద్దున తొమ్మిది నుంచి అరుస్తూనే ఉంటుంది. రాత్రిపూట పనిచేసేవాళ్ళు ఎంతమంది లేరు ఈ నగరంలో? నర్సులు, కాపలావాళ్ళు, పాల బండ్లవాళ్ళు, రోడ్లు ఊడ్చేవాళ్ళు. మా రాత్రి పగలే.

తాలూకా కోర్టు
పగలు అయినా 55 పరిమితి ఉంది, చట్టం లేదనకండి. అమలు లేదు, అది వేరు. రాత్రి విషయానికి 2010లో ఇంకొన్ని చేర్చారు. నివాస ప్రాంతాల్లో రాత్రిపూట అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదు, మోత చేసే టపాకాయలు కాల్చకూడదు, మోత చేసే నిర్మాణ యంత్రాలు వాడకూడదు.

ఆరింటి కాఫీ
రాత్రి హారన్ నిషేధమా! మా సందులో పన్నెండింటికి వచ్చే ఆయన గేటు తియ్యమని ఇంట్లోవాళ్ళను హారన్‌తోనే పిలుస్తారు. అది కూడా నాలుగు రాగాల హారన్.

తాలూకా కోర్టు
ఆ నాలుగు రాగాల హారన్ పగలు కూడా నిషేధమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 119వది చూడండి.

గోరింటాకు
నిబంధనలన్నీ ఉన్నాయి. చదివేకొద్దీ నాకు దిగులు పెరుగుతోంది.

లెక్కల మాస్టారు
నిన్న మొహమాటం గురించి రాశారు కాబట్టి ఇది చెప్పాలి. సుప్రీంకోర్టు 2005 జూలై 18న శబ్ద కాలుష్యం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు ఎక్కడ మొదలైందో చాలామందికి తెలియదు. పదమూడేళ్ళ బాలిక మీద అత్యాచారం జరుగుతుంటే సాయం కోసం వేసిన కేకలు ఇరుగుపొరుగుకు వినపడలేదు. దగ్గరలో లౌడ్‌స్పీకర్ల పాటలు మోగుతున్నాయి. ఆ పిల్ల తరువాత ప్రాణం తీసుకుంది. ఆ వార్త తెలిసి ఒక ఇంజనీరు కోర్టుకు వెళ్ళారు. నిద్ర చెడుతుంది, చెవి పాడవుతుంది అన్నవి సరే. వీధి మొత్తం చెవిటిదైనప్పుడు ఎవరు పిలిచినా ఎవరూ రాలేరు. మేడగారి నాన్నగారికి నిన్న రాత్రి మళ్ళీ నొప్పి వచ్చి కేక వేసి ఉంటే ఎదురింటి కారు బయలుదేరేదా?

పెద్దింటి కోడలు
ఇది నాకు తెలియదు. చదివి కాసేపు ఏమీ తోచలేదు.

పెళ్ళిలో పాట ఉండాలన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. కానీ మా అబ్బాయి పెళ్ళినాడు మా వెనక ఇంట్లో ఎవరున్నారో నేను అడగలేదు. నిజం.

పెట్టెల బండి
చెవి గురించి కూడా నేనే చెబుతాను. మొన్న పరీక్ష చేయించుకుంటే కుడి చెవి దాదాపు పోయిందన్నారు. ఎప్పుడూ పెట్టెలు నా కుడివైపే ఉండేవి. చెవి లోపల వెంట్రుకల లాంటి సన్నని కణాలు ఉంటాయట, చనిపోతే మళ్ళీ మొలవవట. 85 డెసిబెల్స్ అయితే రోజుకు ఎనిమిది గంటలు తట్టుకుంటాం, ఆపైన ప్రతి మూడుకు ఆ సమయం సగం అవుతుందని డాక్టరుగారు చెప్పారు. లెక్క వేసుకుంటే 100 దగ్గర పావుగంట. పెట్టెల ముందు పిల్లలను భుజాన ఎత్తుకొని ఆడేవాళ్ళను చూస్తే ఇప్పుడు నా కడుపులో తిప్పుతుంది. మా కుర్రాళ్ళకు చెవుల్లో పెట్టుకునేవి కొనిచ్చాను. ఒకడు పెట్టుకుంటున్నాడు.

మూడో వీధి మేడ
ఆలస్యంగా రాస్తున్నాను, పెళ్ళి హడావిడి మాకూ ఉంది. నిన్న పొద్దున పెళ్ళికొడుకే మా ఇంటికి వచ్చాడు. నాన్న ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నారని అనుకున్నాడట. ‘ఇంటికి వచ్చారని తెలిస్తే పెట్టెలే తెప్పించేవాడిని కాదు’ అంటూ నాన్న మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. ఐదు రోజులుగా ఎదురింట్లో ఏం జరుగుతోందో వాళ్ళకు తెలియదు, వాళ్ళకు తెలియదని నాకు తెలియదు. సంగీత్ సంగతి వారం ముందే తెలిసినా నేను మెట్లు దిగలేదు. పదకొండున్నర దాకా ఆగి, కోపం తెచ్చుకొని, అప్పుడు దిగాను.

నిన్న రాత్రి ఊరేగింపు మా సందు మొగదాకా పెట్టెలు కట్టిన బండితో వచ్చింది, బండి అక్కడే ఆగింది. మా ఇంటి ముందు నుంచి సన్నాయి, డోలుతోనే నడిచారు. నాన్న బాల్కనీలో కుర్చీ వేయించుకొని చూశారు.

పసిపిల్లల గూడు
ఇది చదివి నా కళ్ళు చెమర్చాయి.

నిప్పురవ్వ
సంతోషం. కానీ ఇది ఆ అబ్బాయి మంచితనం. ప్రతి ఇంట్లో అలాంటి అబ్బాయి ఉండడు. అదృష్టం మీద ఆధారపడి నిద్రపోవాలా? వీధికి కాగితం మీద రాసుకున్న ఒక కట్టుబాటు ఉండాలి.

రాత్రి డ్యూటీ
నాదీ అదే మాట. ఎవరింట్లో ఏ కార్యమైనా వారం ముందు చుట్టుపక్కల పది ఇళ్ళకు చెప్పాలి, రోగులు, పసివాళ్ళు, పరీక్షల పిల్లలు ఉన్నారేమో అడగాలి. బేస్ పెట్టెలు వద్దు. పదింటికి ఆపాలి. పగలు నిద్రపోయేవాళ్ళ ఇళ్ళ జాబితా కూడా అందులో ఉండాలి, ఇది నా షరతు.

పెద్దింటి కోడలు
బేస్ అసలే వద్దంటే పిల్లలు ఒప్పుకోరు. తొమ్మిది దాకా తగుమాత్రంగా ఉండనివ్వండి. మిగతావాటికి నేను సంతకం పెడతాను. మా వీధిలో ఆడవాళ్ళతో నేను మాట్లాడతాను, నా మాట వింటారు.

నిప్పురవ్వ
తొమ్మిది కాదు, ఎనిమిదిన్నర.

మూడో వీధి మేడ
ఆ అరగంట సంగతి కూర్చొని తేల్చుకుందాం. ఆదివారం పొద్దున పదింటికి మా మేడ మీదికి రండి, ఎదురింటివారూ వస్తామన్నారు. పెట్టెల బండిగారూ, మీరు వస్తే బాగుంటుంది. ఎక్కడ ఎంత పెట్టాలో మాలో ఎవరికీ తెలియదు.

పెట్టెల బండి
వస్తాను. మాట్లాడేవాళ్ళు నా ఎడమవైపు కూర్చోవాలి.